పదకొండు మంది రాణులు

నాకు అసూయ ఎక్కువ. ఈ మాట ఒప్పుకోవడానికి సిగ్గుపడే వయసు దాటిపోయింది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. చిన్నప్పుడు ఇచ్చోడలో మా చిన్నమ్మ బిడ్డకు నాకంటే మంచి రిబ్బను కొన్నారని మూడు రోజులు అన్నం ముట్టలేదట. పెద్దయితే అదే తగ్గుతుందిలే అనుకున్నారు మా అవ్వ, బాపు, అంటే మా అమ్మానాన్నలు. తగ్గలేదు. పెళ్లయ్యాక అది రిబ్బన్లు వదిలి ఒక కీబోర్డు మీద పడింది.

కంప్యూటరుది కాదు, వాయించేది. నస్పూర్‌లో మా ఆయన ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాడు. పెళ్లిళ్లు, గణపతి మండపాలు, బతుకమ్మ ఆటలు, ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి పోతాడు. పొద్దున పూట ఇంట్లో ఐదారుగురికి నేర్పిస్తాడు. నేను ఆదిలాబాద్‌లో ఐటీఐ చదివినదాన్ని, ఎలక్ట్రానిక్స్. మా ఇంటి ముందు గదిలో బల్ల వేసుకుని రిమోట్లు, మొబైళ్లు, మిక్సీలు, ఎమర్జెన్సీ లైట్లు బాగుచేస్తాను. అంటే ఒకే ఇంట్లో ఆయన మోగించేవాడు, నేను మోగనివాటిని విప్పేదాన్ని. బయటివాళ్లకు ఇది ముచ్చటగా కనిపించేది. లోపల నేనెంత ఉడికిపోయేదాన్నో వాళ్లకేం తెలుసు!

ఆ కీబోర్డు నాకంటే మూడేళ్లు ముందే ఆ ఇంటికి వచ్చింది. కరీంనగర్‌లో ఎవరో వాయించి అమ్మేస్తే కొనుక్కొచ్చాడట. నేను కాపురానికి వచ్చేసరికి దానికొక మఖమల్ గుడ్డ, దానికొక మూల, దాని మూల మీద ఎవరూ నీళ్ల చెంబు పెట్టకూడదన్న కట్టడి, అన్నీ సిద్ధంగా ఉన్నాయి. నాకు మాత్రం చీరలు పెట్టుకోవడానికి బీరువాలో అర దొరకడానికి నెల పట్టింది. "నీకు సవితి ఉన్నదే పిల్లా, నల్లగ, పొడుగ్గ," అని మా అవ్వ మొదటిసారి వచ్చినప్పుడే నవ్వింది. నేను నవ్వలేదు.

ఒక్క సంగతి చెప్తాను, మీరే న్యాయం చెప్పండి. ఉట్నూర్ అవతల ఒక ఊళ్లో ఆయనకు పెళ్లి ప్రోగ్రాం పడింది. పనిలో పనిగా నేనూ వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు జీపు దొరికింది. ముందు సీటు ఖాళీగా ఉంది. నేను చీర కుచ్చిళ్లు సర్దుకుని ఎక్కబోతుంటే మా ఆయన వచ్చి కీబోర్డును ఆ సీట్లో నిలబెట్టి, చున్నీతో కట్టేశాడు. చున్నీ నాది, దుమ్ముకు తల మీద కప్పుకుందామని తెచ్చుకున్నది. డ్రైవరుకే పాపం అనిపించింది.

"అన్నా, వదినెను ముందర కూసోబెట్టరాదు?" అన్నాడు.

"వెనుక కుదుపు ఎక్కువ తమ్మీ. దీనికి దెబ్బ తగులుతది."

"మరి నాకు తగలదా?" అన్నాను నేను.

"నువ్వు రాడ్డు పట్టుకుంటవు గదనే. దీనికి చేతులున్నయా?"

ఇంద్రవెల్లి నుంచి ఉట్నూర్ దాకా ఘాట్ రోడ్డులో ఉల్లిగడ్డ సంచుల మధ్య కూర్చుని ఆ రాడ్డు పట్టుకుని వచ్చాను. పండ్లు పటపటా కొరుకుతూనే ఉన్నాను. ముందు అద్దంలోంచి అది నా చున్నీ చుట్టుకుని దర్జాగా కూర్చుని కనిపించింది.

ఇదంతా వస్తువు మీది కోపం. వస్తువు మీద కోపం ఎంతసేపు ఉంటుంది? అన్నం ఉడికేలోపు పోతుంది. అసలు మంట తర్వాత మొదలయింది.

ఆ కీబోర్డులో దానితో పాటు వచ్చిన టోన్లు కాక, వాయించేవాళ్లు సొంతంగా తయారుచేసి దాచుకునే చోటు ఒకటి ఉంది. ఒక గొంతు తీసుకుని దాన్ని సన్నం చేసి, లావు చేసి, వణికించి, మనకు కావలసినట్టు మార్చి ఒక పేరు పెట్టి దాచుకోవచ్చు. మా ఆయన అలా చాలా చేసుకున్నాడు. ఒకరోజు ఒక మీట సరిగ్గా పలకడం లేదని నన్ను చూడమన్నాడు. మీట శుభ్రం చేసి, సరిగ్గా పలుకుతుందో లేదో చూడటానికి ఒక్కొక్క టోన్ తిప్పుతూ పోయాను. ఆ చిన్న తెరకు తెలుగు రాదు. అన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్నాయి. డోలు, డప్పు, కోలాటం, జాతర... చదువుకుంటూ పోతున్నాను. వరస చివరలో ఆర్, ఏ, ఎన్, ఐ.

రాణి.

పక్కన ఒకటి అంకె. తర్వాతది చూస్తే రాణి రెండు. రాణి మూడు. అలా ఏడుగురు.

 ఒక మీట నొక్కాను. సన్నగా మొదలైంది. పైకి పోతూ పోతూ మధ్యలో తెగింది. తెగి, ఎక్కడినుంచో గుటక వేసినట్టు మళ్లీ అందుకుంది. ఎవతో ముక్కుతో ఏడుస్తున్నట్టు ఉంది. ఠక్కున స్విచ్చి తీసేశాను. మీట బాగయింది, వెళ్లి పప్పులో తాలింపు వేశాను. ఆ రోజు పప్పు మాడిందని మా పాప పేచీ పెట్టింది.

అడగకుండా ఉండగలనా? కానీ తిన్నగా అడిగితే నాకు తలవంపు. నాలుగు రోజులు మింగుకుని, ఆయన వైర్లు చుట్టుకుంటుంటే ఏమీ ఎరగనట్టు తలుపు దగ్గర నిలబడ్డాను.

"గా రాణి ఏందయ్యా?" అన్నాను.

ఆయన తల కూడా ఎత్తలేదు. "అదా... అది ఇంక రాలే."

"రాలేదా?"

"రాలే. వస్తది. ఎన్నడో ఒకనాడు రాక ఏడికి పోతది? నేను ఇడిసిపెడ్తననుకున్నవా?"

 మొగుడు పెళ్లాం మొహం మీద ఇట్లా చెప్పడం ఎక్కడైనా ఉందా? తలుపు రెక్క పట్టుకుని, "వస్తే?" అన్నాను.

"వస్తే ముందుగాల నీకే చెప్త," అన్నాడు, ఎంతో ప్రేమగా.

పక్కింట్లో బట్టలు కుట్టే ఆపా ఉండేది. ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడేది. నా కడుపులో మాట ఆమె దగ్గర తప్ప ఇంకెక్కడా ఆగదు. పోయి అంతా చెప్పాను.

"అరే, గిట్ల దిల్‌ల పెట్టుకుంటే బీమార్ పడ్తవు. సీదా పోయి అడుగు," అంది మిషను ఆపకుండానే.

"అడిగిన ఆపా. వస్తది అన్నడు."

మిషను ఆగిపోయింది. "యా అల్లా! మొహం మీదనే చెప్పిండా?"

"ఇడిసిపెట్ట అన్నడు."

ఆపా దారం పంటితో తెంపి నన్ను చూసింది. "మంచోడు ఉండె గదనే," అంది. ఆ మాట నాకు ఓదార్పు కాలేదు, ఇంకా మండించింది. మంచోడని అందరికీ తెలుసు. ఆ మంచితనం ఎవతికి పోతుందో నాకు మాత్రమే తెలుసు.

తర్వాత నేను వేగులపని మొదలుపెట్టాను. ఆయన బజారుకు పోతే స్విచ్చి వేసి చూసేదాన్ని. ఏడు ఎనిమిదయింది. ఒక బతుకమ్మ పండుగ తర్వాత తొమ్మిదయింది. కరీంనగర్‌లో నాలుగు రోజుల ప్రోగ్రాం చేసి వచ్చాక పది. అంటే అది కరీంనగర్‌లో ఉంటుందన్నమాట అనుకున్నాను. ఆ తర్వాత ఆయన కరీంనగర్ పేరెత్తినప్పుడల్లా నేను మొహం కందగడ్డలా చేసుకునేదాన్ని. ఆయన చొక్కా జేబులు వెతికాను. ఫోన్ వెతికాను. అందులో ఆర్కెస్ట్రావాళ్ల నంబర్లు, టెంటుహౌజు నంబరు, నా నంబరు. ఏమీ దొరకకపోతే నెమ్మదించాలి కదా. నేను అట్లా నెమ్మదించే రకం కాదు. ఇంత జాగ్రత్తగా దాస్తున్నాడంటే ఎంత పెద్ద సంగతో అని ఇంకా రగిలిపోయాను.

మధ్యాహ్నాలు ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుని ఒకటే మీట నొక్కి పట్టుకుని కూర్చునేవాడు. మొహం చూస్తే ఈ లోకంలో లేడు. అన్నానికి పిలిస్తే వినపడదు. భుజం తడితే ఉలిక్కిపడి నన్ను ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసేవాడు. మా పెళ్లయిన కొత్తలో కూడా నా కోసం ఆయన కళ్లు అట్లా మూతపడలేదు. ఇది నేను ఎవరికీ చెప్పలేదు, ఆపాకు కూడా.

పదకొండో రాణి వచ్చిన కొన్నాళ్లకు కీబోర్డు గడియారం తప్పింది.

దాని లోపల ఒక గడియారం ఉంటుంది. స్విచ్చి తీసినా ఆ గడియారం ఆగకుండా, మనం దాచుకున్న టోన్లు చెరిగిపోకుండా కాపలా కాసేది రూపాయి బిళ్లంత సెల్లు ఒకటి. ఏళ్ల తరబడి పనిచేసి ఒకనాటికి అది అడుగంటుతుంది. స్విచ్చి వేయగానే తేదీ ఎక్కడికో వెనక్కి పోయింది. తెర మీద బ్యాటరీ తక్కువుందని వచ్చింది. తేదీ తప్పితే ఆయనకు నవ్వులాట. టోన్లు పోతాయని తెలిశాక మాత్రం స్విచ్చి తీయడానికే భయపడ్డాడు.

"కరీంనగర్‌ల పెద్ద షాపు ఉన్నది గద, ఆడ ఇయ్యి," అన్నాను. కరీంనగర్ అన్న మాట కొంచెం ఒత్తి పలికాను.

"వాళ్లకు ఇయ్యనే. సెల్లు పీకి అన్ని గాయబ్ చేసి, మాకేం ఎర్క అంటరు. నువ్వే మార్చు. నీ చేతుల పడితే నాకు ఫికర్ లేదు."

ఆ మాట నాకు నచ్చింది. దాచిపెట్టడమెందుకు, చాలా నచ్చింది. పన్నెండేళ్ల కాపురంలో ఆ కీబోర్డు విషయంలో నాకు దక్కిన మొదటి మర్యాద అది.

సెల్లు తీసే ముందు టోన్లన్నీ ఒక్కొక్కటిగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. కొత్త సెల్లు పెట్టాక మళ్లీ దించుకోవాలి. అంతే పని. ఆయన పదిసార్లు చెప్పాడు. "మొత్తం ఎక్కియ్యి. ఒక్కటి సుత ఇడువకు." చెప్పి, చెప్పులు వేసుకున్నాడు.

"ఏడికి?"

"మంచిర్యాలకు పోయొస్త. దాన్ని ఇప్పుతుంటే నేను సూడలేను. నా పెయ్యి కోసినట్టయితది."

నాకు పాప పుట్టేటప్పుడు ఆయన ఆసుపత్రి బయట టీ తాగుతూ కూర్చున్నాడు. అప్పుడు ఒళ్లు కోసినట్టు కాలేదా అని అడుగుదామనుకున్నాను. అప్పటికే గేటు దాటాడు.

నేను మంచం మీద దుప్పటి పరిచి కీబోర్డు పెట్టాను. పెన్‌డ్రైవ్ గుచ్చాను. డోలు ఎక్కించాను. డప్పు ఎక్కించాను. కోలాటం, జాతర, ఒగ్గు, చిరుతలు, ఒక్కొక్కటి తెర మీద రావడం, నేను నొక్కడం, అయిపోయిందని అది చెప్పడం. నలభై మూడు ఎక్కాయి. నలభై నాలుగోది రాణి ఒకటి.

వేలు ఆగిపోయింది.

అబద్ధం చెప్పను. పొరపాటున కాదు, తొందరలో కాదు, కరెంటు పోయి కాదు. ఆ తెరను చూస్తూ బాగా ఆలోచించాను. మొగుడు వచ్చి మొత్తం చూసుకుంటాడని తెలుసు. ఏం చెప్పాలో కూడా అప్పుడే అనుకున్నాను. ఇన్నాళ్లు ఉల్లిగడ్డ సంచుల మధ్య కూర్చున్నదాన్ని, ఒక్క వేలు కదపకుండా పదకొండు మందిని ఒకేసారి ఇంట్లోంచి గెంటే వీలు దొరికింది. వదులుకుంటానా? పెన్‌డ్రైవ్ పీకేశాను.

కీబోర్డును బోర్లా తిప్పి మరలు విప్పాను. పొడుగువి, పొట్టివి కలిసిపోకుండా ఇడ్లీ ప్లేటు గుంతల్లో వేరువేరుగా వేశాను. అడుగు పలక లేచింది. లోపల ఏళ్ల దుమ్ము, ఒక ఎండిపోయిన బొద్దింక, బోర్డు మూలన ఆ సెల్లు. దాని రేకులు బోర్డుకు అతికి ఉన్నాయి. సోల్డరింగ్ ఐరన్ వేడి చేసి ఒక రేకు లేపాను, ఇంకో రేకు లేపాను. సెల్లు నా అరచేతిలోకి వచ్చింది. మీటరు పెట్టి చూస్తే ఇంకా కొంచెం ప్రాణం ఉంది. "పో," అన్నాను. పైకే అన్నాను.

కావాలని కాసేపు ఆగాను. లోపల ఎక్కడో మిగిలిన కరెంటు పట్టుకుని ఎవతైనా వేలాడుతుందేమోనని. పాలు కాచుకుని టీ తాగి వచ్చి అప్పుడు కొత్త సెల్లు అతికించాను. మూత బిగించి, స్విచ్చి వేసి చూస్తే ఆ చోటంతా ఖాళీ. నలభై మూడింటిని దించాను. గడియారానికి తేదీ, టైము నిమిషంతో సహా సరిచేశాను. పని ఎంత నీటుగా చేశానంటే, ఎవరైనా చూస్తే మెచ్చుకుంటారు. మఖమల్ గుడ్డ కూడా దులిపి కప్పాను. నా ఇల్లు నాకు దక్కినట్టయింది.

ఆయన నా కోసం మిర్చీ బజ్జీల పొట్లం పట్టుకుని వచ్చాడు. చెప్పులు విప్పకుండానే స్విచ్చి వేశాడు.

"అబ్బ, టైం కరెక్టు సూపిస్తుందే!" అని మురిసిపోయాడు. డోలు వాయించాడు, డప్పు వాయించాడు. "నీ చెయ్యి బంగారం," అన్నాడు. నేను బజ్జీ కొరికాను. ఆయన వేలు తిప్పుకుంటూ, తిప్పుకుంటూ వరస చివరికి పోయింది. మళ్లీ వెనక్కి వచ్చింది. మళ్లీ చివరికి పోయింది.

"రాని ఏదే?"

"ఎక్కలే," అన్నాను.

"ఎక్కకపోవుడేంది?"

"ఏమో. ఆఖరి పదకొండు ఎక్కలే. పాతయి గద, ఖరాబైనట్టున్నయి."

కేకలు వేస్తాడనుకున్నాను. వేస్తే నాలుగు మాటలు అనడానికి నేను తయారుగా ఉన్నాను. ఆయన వేయలేదు. కుర్చీలో వెనక్కి జారగిలబడి ఆ ఖాళీ తెరను చూస్తూ కూర్చున్నాడు.  నాకు ఎక్కడో సంతోషం, ఎక్కడో మంట. పోయినదాని కోసం ఇంతగా కుంగిపోతాడా అని.

"గంత పరేషానా? గంత ముఖ్యమా నీకు?" అన్నాను.

"బాపుదే అది," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పుకుంటూ పోయాడు, నాకు కాదు, ఆ తెరకు చెప్తున్నట్టు.

మా మామ, అంటే ఆయన బాపు, బొగ్గుబావిలో పనిచేసేవాడు. సెలవు రోజుల్లో పెళ్లిళ్లకు సన్నాయి ఊదేవాడు. నా పెళ్లికి ముందే పోయాడు, నేను చూడలేదు. ఈ మాత్రమే నాకు తెలుసు. నాకు తెలియనిది ఏమిటంటే, చివరి రోజుల్లో ఆయనకు ఆయాసం వచ్చిందట. పొడుగ్గా ఊదుతూ ఊదుతూ మధ్యలో ఊపిరి తెగిపోయేదట. గుటక వేసి, మళ్లీ సరిగ్గా అక్కడినుంచే అందుకునేవాడట.

"పెండ్లిల్ల మందికి అది బీమారని తెల్వదు. అదొక విద్య అనుకుందురు. మల్లొక్కసారి గట్ల ఊదు తాతా అని అడుగుదురు. బాపు నవ్వి మల్ల ఊదుతుండె. గా తెగుడు ఉన్నది సూడు, గది నా చెవుల ఉన్నది. క్యాసెట్టు లేదు, ఏం లేదు. ఒక పెండ్లి వీడియో ఉన్నది. బుగ్గలు ఉబ్బిచ్చి ఊదుతుండు. వీడియో తీసినోడు గొంతు తీసేసి సినిమా పాట పెట్టిండు."

ఒక మీట మీద వేలు పెట్టాడు.

"దీన్ల మీట ఒత్తి పట్టుకుంటే ఎన్ని గంటలైనా మోగుతది. దీనికి దమ్ము అయిపోదు. అయిపోయేటట్టు చేద్దామని పదకొండు సార్లు చేసిన. ఒక్కటి సుత రాలే. గందుకే 'రాని' అని పెట్టిన. రానిది ఒకటి, రానిది రెండు... ఏదో ఒక పేరు లేకుంటే దాచుకోదు గదా అది. వచ్చిన నాడు 'బాపు' అని పేరు మారుద్దామనుకున్న. మంచిగ రానిదాన్ని వేరే ఎక్కిచ్చుడు ఎందుకని పెన్‌డ్రైవ్‌ల పెట్టలే. పదకొండోది జర దగ్గెరికొచ్చె."

నేను బజ్జీ పొట్లం పట్టుకుని నిలబడి ఉన్నాను. నిలువునా నీరైపోవడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. మా మాటల్లో ణకు, నకు తేడా పలకదు. ఇంగ్లిష్ అక్షరాల్లో అసలే ఉండదు. ఇక 'అది' అంటే వస్తువూ అదే, ఆడదీ అదే. రాలేదన్నాడు, వస్తుందన్నాడు, విడిచిపెట్టనన్నాడు. ఒక్క అక్షరం దాచలేదు. అన్నీ నేనే అనుకున్నాను.

కానీ ఆ క్షణంలో చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు. ఎక్కలేదన్న అబద్ధాన్ని అట్లాగే ఉంచాను.

ఇంకో నిజం కూడా రాస్తాను, నన్ను తిట్టుకుంటే తిట్టుకోండి. తప్పు చేశానని తెలిసి కూడా నా అసూయ చావలేదు. రెండు రోజులు ఏడ్చాను, మూడో రోజు మళ్లీ తల ఎత్తింది. ఈసారి నేను చూడనైనా చూడని మామ మీద. ఒక మనిషి ఊపిరి తెగిన చోటు కోసం ఇన్నేళ్లు కూర్చున్నాడు కదా ఈయన, రేపు నేను పోతే నా గొంతు కోసం ఒక్క మీట నొక్కుతాడా? రోజంతా ఈయన్ని పిలిచే గొంతే కదా నాది! ఇట్లాంటివి వంట చేస్తూ చేస్తూ అనుకునేదాన్ని. అనుకుని, నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

ఆపా అడిగింది, రాణి సంగతి ఏమైందని. "పోయింది," అన్నాను. "అల్‌హందులిల్లా," అంది ఆమె సంతోషంగా. నేను ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకున్నాను.

ఆయన మళ్లీ మొదలుపెడతాడనుకున్నాను. చాలా రోజులు పెట్టలేదు. ప్రోగ్రాములకు పోయి వస్తున్నాడు, పిల్లలకు నేర్పిస్తున్నాడు, నాతో ఎప్పటిలాగే మాట్లాడుతున్నాడు. మధ్యాహ్నాలు హెడ్‌ఫోన్లు మాత్రం కొక్కేనికే వేలాడుతున్నాయి. ఇదివరకు వాటిని చూస్తే ఒళ్లు మండేది. ఇప్పుడు అవి తీసి ఆయన తల మీద పెడదామా అనిపించేది.

ఒక ఆదివారం నేర్చుకునేవాళ్లు వెళ్లిపోయాక ఆయన వాటిని తీసి పెట్టుకున్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. స్టవ్ ఆపి వచ్చి తలుపు పక్కన నిలబడ్డాను. ఒక మీట నొక్కాడు. మార్చాడు. నొక్కాడు. గంటసేపు అంతే. తర్వాత హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"యాదికొస్తలేదే," అన్నాడు.

"ఏంది?"

"బాపు ఎట్ల ఊదుతుండెనో. ఇన్నేండ్ల సంది నేను చేసినయే ఇనుకుంట ఇనుకుంట, అసలుది ఎప్పుడు మర్చిపోయిన్నో నాకే తెల్వదు. గా పదకొండోది ఇంటే, గిది కాదు, జర ఇట్లుండె అని యాదికొస్తుండె. ఇప్పుడు అది లేదు, ఇది లేదు."

ఇక నాలో ఆగలేదు. అక్కడే తలుపు పక్కనే నేల మీద కూర్చున్నాను.

"ఎక్కకపోవుడు కాదయ్యా," అన్నాను. "నేనే ఎక్కియ్యలే. తెలిసే ఎక్కియ్యలే."

ఆయన నా వైపు చూశాడు. కోపం కాదు, అర్థం కాని చూపు.

"ఎందుకే?"

"రాణి అనుకున్న."

"రాని అనే గదా పెట్టిన."

"రాని కాదు. రాణి. ఎవతో ఆడది అనుకున్న. కరీంనగర్‌ల ఉన్నదనుకున్న. పదకొండు టోన్లు దాని పేరు మీద కట్టినవనుకున్న."

ఆయనకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వాడు. నవ్వు ఆగక కుర్చీ చేతులు పట్టుకుని కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. నేనూ ఏడుస్తూనే నవ్వాను. బతికిపోయాననుకున్నాను. ఆయన నవ్వు మెల్లగా తగ్గింది. కళ్లు మాత్రం తుడుచుకుంటూనే ఉన్నాడు.

"నిజంగ ఒక రాణి ఉంటెనే బాగుండునే," అన్నాడు. "యాడనో ఓ కాడ బతికుండేది. నువ్వు ఎల్లగొట్టినా, పోయి ఒక్కసారి మాట ఇని వచ్చేటోన్ని."

 నా బతుకులో మొదటిసారి ఇంకొక ఆడది ఉంటే బాగుండునని కోరుకున్నాను. ఉంటే కరీంనగరే కాదు, ఎంత దూరమైనా నేనే పోయి, బతిమాలి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఆయన ముందు కూర్చోబెట్టేదాన్ని.